“ఐదు నిమిషాలే కదా, కార్లో పడుకోనీ” అంటున్నారు!

మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి ఓ సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పుట్టిల్లు మంచిర్యాల, పెళ్లయి ఆరేళ్లు. భర్త బొగ్గు గనుల వర్క్‌షాపులకు స్పేర్ పార్టులు సప్లై చేస్తారు, పగలు సగం కార్లోనే గడుస్తుంది. ఇంట్లో అత్తమ్మ, మామయ్య, మూడున్నరేళ్ల బాబు. గొడవంతా ఆ కారు గురించే.

మహాకాళి జాతర రోజుల్లో బట్టలు కొనడానికి అందరూ చంద్రపూర్ గోల్ బజార్‌కు వెళ్లారట. దారిలో బాబు నిద్రపోయాడు. “లేపితే ఏడుస్తాడు, ఐదు నిమిషాలే కదా, పడుకోనీ” అని భర్త కారును వేపచెట్టు నీడన ఆపి, అద్దాలు రెండు వేళ్ల సందు దించి, తాళం వేశారు. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. వచ్చి చూస్తే బాబు చెమటలో తడిసి ముద్దయి, మొహం ఎర్రగా కమిలి, పిలిస్తే సరిగా పలకలేదు. నీళ్లు చల్లి, తాగించాక తేరుకున్నాడు. ఈమె బజార్లోనే కేకలేశారు. “ఏం కాలేదు కదా” అని భర్త ముభావమయ్యారు. ఇంటికొచ్చాక అత్తమ్మ అన్న మాట ఉత్తరంలో రెండుసార్లు ఉంది: “నువ్వు నీళ్ల సీసా ఉన్నా వద్దంటవు, శానిటైజర్ ఉన్నా పేలుతదంటవు. ఏది నిజమని నమ్మాలె?”

రెండో పేజీలో మామయ్య సంగతి. ఆయన రోజుకు రెండు పూటలా పెన్నుతో మిక్స్‌డ్ ఇన్సులిన్ తీసుకుంటారు. రెండు వారాల కిందట ఆసిఫాబాద్‌లో పెళ్లికి వెళ్లినప్పుడు, వాడుతున్న పెన్ను, ఇంకో కొత్త పెన్ను, షుగర్ మిషన్ ఉన్న పౌచ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కారు గ్లవ్‌బాక్సులో ఉండిపోయింది. ఆ తర్వాత వారమంతా షుగర్ 300 పైనే. పెళ్లిలో లడ్డూలు తిన్నారని ఇంటిల్లిపాదీ ఆయన్ను సాధించారు. డాక్టరు పొద్దుటి డోసు 20 యూనిట్ల నుంచి 26కి, రాత్రి డోసు 12 నుంచి 16కి పెంచారు. ఇప్పుడు పౌచ్‌లోని రెండో పెన్ను కూడా అయిపోవస్తోంది, రెండు రోజుల్లో ఫ్రిజ్‌లోంచి కొత్తది తీయాలి. ఇవి కాక డిక్కీలో స్ప్రే డబ్బాలు, డ్యాష్‌బోర్డు మీద పవర్ బ్యాంక్, గ్లవ్‌బాక్సులో ఒరిజినల్ ఆర్‌సీ, స్పేర్ తాళం. త్వరలో కాళేశ్వరం ప్రయాణం ఉంది. “నా మాటకు విలువ లేదు. ఎలా చెప్పను? ఏది వదిలేయను?” అని అడిగారు.

జవాబు

అమ్మా, మీరు ముఖ్యంగా రాసింది బాబు గురించి. కానీ ముందు చూడాల్సిన పని రెండో పేజీలో ఉంది. మీరు దాన్ని ఇంటి కబురులా రాసి వదిలేశారు. ఈ భాగాన్ని మీకు ముందే విడిగా పంపాం. ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఇక్కడా ఇస్తున్నాం.

రెండు లడ్డూలు ఆ పూట షుగర్ పెంచుతాయి, మహా అయితే మర్నాటి వరకు. వారం పొడుగునా 300 పైన నిలబెట్టడం వాటి వల్ల కాదు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను 30 డిగ్రీల లోపు ఉండాలి, తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అమెరికాలోని అరిజోనాలో 38 డిగ్రీలు దాటిన రోజుల్లో కార్లను ఎండలో నిలిపి కొలిచారు. 2018లో బయటికొచ్చిన ఆ లెక్కల్లో, గంట తిరిగేసరికి డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. గ్లవ్‌బాక్సు ఉండేది ఆ డ్యాష్‌బోర్డు కడుపులోనే. మీ పెన్నులు అక్కడ గంట కాదు, పగలంతా ఉన్నాయి.

ఇన్సులిన్ ఒక ప్రొటీన్. వేడికి దాని అణువుల మడతలు విడిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. పెన్నులో మందు అంతే ఉంటుంది, మీటలో 20 అని తిప్పితే 20 యూనిట్ల మందే వస్తుంది, కానీ అందులో పని చేసేది తక్కువ. చూసి కనిపెట్టలేం. మిక్స్‌డ్ ఇన్సులిన్ అరచేతుల మధ్య దొర్లించాక పాలలా ఒకే తీరుగా ఉండాలి. గడ్డలు తేలినా, గాజు గోడకు తెల్లటి పొర అంటుకున్నా పారేయాల్సిందే. అలా ఏమీ కనిపించకపోయినా మందు చెడి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. డాక్టరు 26 యూనిట్లు రాసింది, బలం తగ్గిన మందు చూపించిన అంకెల్ని చూసి. ఎల్లుండి ఫ్రిజ్‌లోంచి తీసే పెన్ను పూర్తి బలంతో ఉంటుంది. దానితో అదే 26 తీసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మామయ్య వయసులో అది 300 పైన ఉన్న షుగర్ కంటే తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని కొత్త పెన్ను తెరవక ముందే డాక్టరుకు ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి: పెన్నులు ఏ రోజు ఎన్ని గంటలు కార్లో ఉన్నాయి, షుగర్ ఏ రోజు నుంచి పెరిగింది, కొత్త పెన్ను ఎప్పుడు మొదలవుతుంది. డోసు ఎంతన్నది ఆయనే చెప్పాలి. మీ అంతట మీరు పాత డోసుకు దించొద్దు, పెంచిన దాన్నే కళ్లు మూసుకుని కొనసాగించొద్దు. షుగర్ పెరగడానికి ఇన్ఫెక్షన్, ఒకే చోట పొడిచి పొడిచి గడ్డకట్టిన చర్మం లాంటి కారణాలు కూడా ఉంటాయి, వాటినీ ఆయనే చూస్తారు.

మొదటి మూడు రోజులు ప్రతి డోసుకు ముందు, పడుకునే ముందు, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి పరీక్ష చేయండి. 70 కంటే తగ్గినా, చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపించినా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. లడ్డూ పెట్టొద్దు, అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

పౌచ్‌లో షుగర్ మిషన్ కూడా ఉందన్నారు. అంటే స్ట్రిప్పులు కూడా ఉడికాయి. చాలా కంపెనీల స్ట్రిప్పులకు 30 డిగ్రీలే హద్దు. పాడైన స్ట్రిప్పు ఎక్కువ చూపొచ్చు, తక్కువ చూపొచ్చు. ఆ డబ్బా పారేసి కొత్తది తెరవండి. ల్యాబులో రక్తం ఇచ్చినప్పుడే ఇంటి మిషన్‌తోనూ చూసుకోండి. రెండింటికీ 15 శాతానికి మించి తేడా ఉంటే మిషన్ మీద అనుమానపడాలి.

ఇకమీదట ప్రయాణాల్లో ఎలా? మూడు దారులున్నాయి. వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కులో చల్లటి నీళ్లు పోసి పది నిమిషాలుంచి పారబోసి, లోపల తుడిచి, పెన్నును పొడిగుడ్డలో చుట్టి పెట్టడం మొదటిది. ఒక పూటకు సరిపోతుంది. ఐసు ముక్కలు నేరుగా తగలనీయకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. రెండోది నీళ్లలో తడిపి వాడే చల్లదనం పౌచ్. గాలికి నీరు ఆవిరవుతూ లోపల చల్లబరుస్తుంది, మీ ఇంటి గడ్డి కూలర్ పనిచేసే సూత్రమే. మే నెల పొడి ఎండలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, జూలై ముసురులో కూలర్ లాగే చతికిలపడుతుంది. పైగా దానికి గాలి తగలాలి, బ్యాగు అడుగున కుక్కితే లాభం లేదు. మూడోది అన్నిటికంటే తేలిక: మందు మనిషితో పాటే దిగాలి. ఏ పౌచ్ అయినా, ఎంత మంచి ఫ్లాస్కు అయినా మూసిన కారులో పగలంతా కాపాడలేదు. సూది బిగించి ఉంచకూడదన్నది కూడా గుర్తుపెట్టుకోండి. వేడికి మందు వ్యాకోచించి కారుతుంది, చల్లబడ్డాక గాలి బుడగ లోపలికి లాక్కుంటుంది, తర్వాతి డోసు తక్కువ పడుతుంది. ఇంట్లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే, వాడుతున్న పెన్నును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రంజన్ (నీళ్ల మట్టికుండ) పక్కన తడి ఇసుకలో ఉంచొచ్చు. ఎండాకాలం అది మంచి ఏర్పాటే.

ఇక బాబు విషయం.

“ఏం కాలేదు కదా” అన్న మాట నిజం కాదు. పిలిస్తే సరిగా పలకలేదని మీరే రాశారు. వేడిలో ఉన్న పిల్లాడు మత్తుగా, అయోమయంగా ఉన్నాడంటే వడదెబ్బ మొదలైనట్టే లెక్క. ఆ పూట మీరు నీళ్లు చల్లడం సరైనదే, అయితే అక్కడితో ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి ఉండాల్సింది. మళ్లీ ఎవరి పిల్లాడినైనా అలా చూస్తే నీడకు తీసుకెళ్లి, బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయాలి. జ్వరం మందు వేయొద్దు, ఈ వేడికి అది పనిచేయదు. స్పృహ సరిగా లేకపోతే తాగించొద్దు, పొలమారుతుంది.

మీవారిది నిర్లక్ష్యం అనడం మాత్రం అన్యాయం. ఆయన నీడ చూశారు, అద్దం దించారు, అప్పటిదాకా ఏసీ నడిచింది. ఎవరైనా తీసుకునే జాగ్రత్తలే. ఆ మూడూ పనికిరావన్నది ఆయనకు తెలియదు, మీకూ కచ్చితంగా తెలియదు కాబట్టే మీ కేకలు వాదనగా నిలవలేదు.

అద్దం సంగతి: అమెరికా పిల్లల వైద్యుల పత్రిక ‘పీడియాట్రిక్స్’లో 2005లో వచ్చిన కొలతల ప్రకారం మూసిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దాలు దాదాపు నాలుగు సెంటీమీటర్లు దించి చూసినా పెద్ద తేడా రాలేదు. ఎండ అద్దం గుండా లోపలికి వచ్చి సీట్లను, డ్యాష్‌బోర్డును కాలుస్తుంది, అవి గాలిని కాలుస్తాయి. రెండు వేళ్ల సందులోంచి బయటికి పోయే వేడి అందులో ఏపాటి?

నీడ సంగతి: అరిజోనా కొలతల్లో గంటకు ఎండలోని కారు లోపల 47 డిగ్రీలు, నీడలోని కారులో 38. తేడా ఉంది, కాదనను. కానీ రెండేళ్ల పిల్లాడి ఒంటి వేడి ప్రాణాంతకమైన 40 డిగ్రీలకు చేరడానికి ఎండలో సుమారు గంట, నీడలో రెండు గంటల లోపు పడుతుందని వాళ్ల అంచనా. నీడ ఆలస్యం చేస్తుంది, ఆపదు. పైగా వేపచెట్టు నీడ కదులుతుంది, కారు కదలదు. మీ చంద్రపూర్ జిల్లాలో మే నెల 45, 46 డిగ్రీలు మామూలే కాబట్టి, లోపల వేడి పెరగడం మొదలయ్యేదే అక్కడి నుంచి. ఏసీ ఆపిన చల్లదనం పది నిమిషాలు కూడా నిలవదు.

“గాలి ఆడక” పిల్లలు పోతారని మనవాళ్లు అంటారు. అందుకే అద్దం దించితే చాలనుకుంటారు. కారు గాలి చొరబడని డబ్బా కాదు, ఊపిరికి అందులో గాలి చాలుతుంది. చంపేది వేడి. పెద్దవాళ్లతో పోలిస్తే పసిపిల్లల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఇది ఒక్కటి మీ అత్తమ్మకు అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

మరి నిద్రపోయిన పిల్లాడితో బజారుకు వెళితే ఏం చేయాలి? లేపి ఎత్తుకెళ్లడం ఒకటి. ఏడుస్తాడు, మీవారి చేతులు నొప్పిపుడతాయి, బేరం సగంలో ఆగుతుంది. నష్టం అంతే. ఇద్దరూ వంతులవారీగా దుకాణానికి వెళ్లడం రెండోది. ఒకరు బాబుతో కారు బయట నీడలో గానీ, ఏదైనా చల్లటి దుకాణంలో గానీ కూర్చోవాలి. సమయం రెట్టింపు అవుతుంది, అంతకంటే ఏమీ లేదు. అత్తమ్మ ఉన్నప్పుడు బాబును ఇంట్లోనే వదిలి రావడం మూడోది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య పనులకు ఇదే మేలు. నాలుగోది, మీవారు తప్పక అనబోయేది: “ఏసీ ఆన్ చేసి వెళ్దాం.” డ్రైవింగు వచ్చిన పెద్ద మనిషి స్టీరింగు ముందు కూర్చుని ఉంటే, కారు ఆరుబయట ఉంటే, కొద్దిసేపటికి పరవాలేదు. పిల్లాడొక్కడే ఉంటే వద్దే వద్దు. ఇంజన్ ఆగితే ఏసీ కంప్రెసరూ ఆగుతుంది, ఆ సంగతి దుకాణంలో ఉన్నవాళ్లకు తెలియదు. పిల్లాడు లేచి గేరు లాగొచ్చు, పవర్ విండో బటన్ నొక్కి మెడ ఇరికించుకోవచ్చు. డ్రైవరు లేకుండా ఇంజన్ నడుస్తున్న బండిని రోడ్డు మీద వదలడం మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం తప్పు కూడా. షెడ్డులోనో బేస్‌మెంటులోనో అయితే పొగ గొట్టంలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా మనిషిని మత్తులోకి దించేస్తుంది, పెద్ద మనిషి ఉన్నా సరే.

మీరు అడగని ఇంకో ప్రమాదం మీ గేటు లోపలే ఉంది. మూడున్నరేళ్ల పిల్లాడికి నాన్న కారంటే ఆటబొమ్మ. తాళం వేయకుండా నిలిపిన కారులోకి దూరి, తలుపు వేసుకుని, బయటికి రాలేక పిల్లలు పోయిన ఘటనలు మన దేశంలో ఏటా వినపడుతూనే ఉన్నాయి. వెనక తలుపుకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి హ్యాండిల్ ఎంత లాగినా తెరుచుకోదు. ఇంటి ముందు ఉన్నా కారుకు తాళం వేయాలి, తాళం చెవి బాబుకు అందని మేకుకు వేలాడాలి. బాబు కనిపించకపోతే నీళ్ల తొట్టి, ఆ వెంటనే కారు, డిక్కీ చూడాలి. హారన్ నొక్కడం ఇప్పుడే నేర్పండి. చాలా కార్లలో ఇంజన్ ఆపినా హారన్ మోగుతుంది. మరిచిపోవడం గురించి కూడా ఒక మాట. రోజూ మీరు దించే బాబును ఒకరోజు మీవారు బడికి దించాల్సి వస్తే, బుర్ర పాత దారిలోనే వెళ్లిపోతుంది, వెనక సీట్లో నిద్రపోయే పిల్లాడు గుర్తుకురాడు. ఆ రోజుల్లో ఆయన ఫోను, పర్సు వెనక సీట్లో బాబు పక్కన పెట్టాలి. బాబు రాకపోతే తొమ్మిదిన్నరకల్లా ఫోన్ చేయమని టీచరుకు చెప్పి ఉంచండి.

ఇప్పుడు మిగతా సామాను. అత్తమ్మ మాటలో పస ఉంది, నొచ్చుకోకండి. మీరు ప్రతిదానికీ ఒకే గొంతుతో భయపెట్టారు, చివరికి ‘నాన్నా, పులి’ కథ అయింది. శానిటైజర్ తనంత తాను అంటుకోవాలంటే మూడు వందల డిగ్రీల పైన కావాలి. కారులో అది జరగదు. మూత వదులై కారుతుంది, ఆవిరి నిండిన కారులో ఎవరైనా అగ్గిపుల్ల గీస్తేనే ప్రమాదం. పర్సులో పెట్టుకోమనండి చాలు. నీళ్ల సీసాతో ఒక్క రోజులో ఏ జబ్బూ రాదు. వారాల తరబడి ఎండలో మరిగిన సీసా నీళ్లు వాసనొస్తాయి, పారబోయండి, స్టీలు సీసా కొనుక్కోండి. ఈ రెండూ మీ జాబితాలోంచి కొట్టేయండి. కొట్టేశానని అత్తమ్మ ముందే చెప్పండి కూడా. వంటింటి స్పార్క్ లైటర్‌లో గ్యాసు ఉండదు, దానికీ భయం లేదు. సిగరెట్ లైటర్‌లో ఉంటుంది, అది డ్యాష్‌బోర్డు మీద ఉండకూడదు.

స్ప్రే డబ్బాలు వేరే సంగతి. బ్రేక్ క్లీనర్, తుప్పు వదిలించే స్ప్రే, పెయింటు, మీవారి డియోడరెంటు, అన్నిటి మీదా చిన్న అక్షరాల్లో ‘50 డిగ్రీలకు మించిన వేడికి గురిచేయవద్దు’ అని ఉంటుంది. లోపల తోసే గ్యాసు చాలావాటిలో వంటగ్యాసు జాతిదే. డబ్బా పగిలితే అద్దం పగులుతుంది, దగ్గర్లో నిప్పు ఉంటే మంట. వ్యాపారం ఆయనది, డబ్బాలు లేకుండా ఆయనకు గడవదు. ఆ రోజు కావాల్సినవే డిక్కీలో, మూత ఉన్న పెట్టెలో, ఎండ తగలకుండా పెట్టుకోవడం ఒక రాజీ. డిక్కీకి అద్దంలోంచి ఎండ తక్కువ కాబట్టి సీటు కంటే నయం. మిగతా స్టాకు సాయంత్రం దించేయాలి, ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం ఆగిన చోట కూడా దించుకోవాలి. విసుగు పనే. ఉబ్బిన డబ్బా, అడుగు బయటికి పొడుచుకొచ్చిన డబ్బా కనిపిస్తే మాత్రం చర్చ లేదు, కారులోంచి తీసేయాల్సిందే.

పవర్ బ్యాంక్‌ను ఆయన తీసేస్తారు, అది ఎందుకో చెబితే చాలు. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటితే ఆయుష్షు తరుగుతుంది, ఇంకా పెరిగితే ఉబ్బుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎండలో ఫోను చార్జింగుకు పెట్టి దిగడం అన్నిటికంటే చెడ్డది. ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, చార్జి చేయొద్దు. ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునే చోట ఇచ్చేయాలి.

జాతరకు వంట కోసం చిన్న సిలిండరు కారులో తీసుకెళ్లామని ఒక్క వాక్యంలో రాశారు. నా లెక్కలో మీ జాబితాలో బాబు, మందు తర్వాత మూడోది అదే. వంటగ్యాసు గాలి కంటే బరువు. వాల్వ్ దగ్గర రబ్బరు వాషరు కొంచెం అరిగినా గ్యాసు సీట్ల కింద పేరుకుంటుంది, మూసిన కారులో పైకి వాసన ఆలస్యంగా తెలుస్తుంది. ఆ సమయంలో తాళం తిప్పిన చిన్న నిప్పురవ్వ చాలు. ఆటో ట్రాలీలో, నిలబెట్టి, మూత బిగించి పంపడం మంచిది. తప్పనిసరై కారులో తెస్తే అద్దాలన్నీ దించి నేరుగా దించే చోటికి, మధ్యలో ఎక్కడా ఆపకుండా తేవాలి. లోపల ఉంచి తాళం వేసి దర్శనానికి వెళ్లడం మాత్రం కుదరదు.

పెరుగు, మాంసం, పాల స్వీట్లు 32 డిగ్రీలు దాటిన వేడిలో గంట ఉంటే పడేయాల్సిందే, మళ్లీ మరిగించినా కొన్ని విషాలు పోవు. అద్దాల్లోంచి కనపడేలా బ్యాగు, ల్యాప్‌టాప్, నగల సంచి పెట్టడం గురించి మీకు చెప్పక్కర్లేదు. అయితే మామూలు కారు ఇన్సూరెన్సు కారుకే, లోపలి సామానుకు కాదన్నది చాలామందికి తెలియదు. విడిగా యాడ్ ఆన్ తీసుకోవాలి.

ఆర్‌సీ, స్పేర్ తాళం సంగతి మీవారికి డబ్బు లెక్కలో చెప్పండి. కారు పోతే ఇన్సూరెన్సు వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. ఒకటి కారుతోనే పోయిందంటే నిర్లక్ష్యం కింద క్లెయిము చిక్కుల్లో పడుతుంది. సరిహద్దు దాటేటప్పుడు కాగితాలు అడుగుతారని ఆయన భయం. 2018 నుంచి డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌ల్లోని ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు చెల్లుతాయి, మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ. ఫోను చార్జి అయిపోతే ఎలా అంటే, జిరాక్సు ఒకటి కారులో ఉంచి ఒరిజినల్ బీరువాలో పెట్టండి. జిరాక్సు చట్టం ముందు ఒరిజినల్‌తో సమానం కాదు, ఫోనులోది సమానం.

ఎలా చెప్పాలన్నారు కదా. మళ్లీ వాదించకండి, కొలిచి చూపించండి. చేపల తొట్టికి వాడే డిజిటల్ థర్మామీటరు ఆన్‌లైన్లో దొరుకుతుంది, మీటరు పొడవు తీగ, చివర చిన్న మొన ఉంటాయి. 70 డిగ్రీల దాకా చూపించేది తీసుకోండి. జ్వరం చూసేది పొరపాటున కూడా పెట్టొద్దు. దాని కొలత 42 దగ్గర ఆగిపోతుంది, పాదరసం గొట్టమైతే పగిలి కారంతా పాదరసమే. సెలవు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు కారును వాకిట్లో నిలిపి, మొనను బాబు కూర్చునే చోట, ఎండ నేరుగా పడకుండా తువ్వాలు కింద పెట్టండి. తీగను తలుపు సందులోంచి బయటికి తెచ్చి, తెరను నీడలో ఉంచండి. తెరను లోపలే వదిలితే వేడికి నల్లబడి అంకె కనపడదు. ఏసీతో చల్లబరిచి, ఆపి, అద్దాలు రెండు వేళ్ల సందు దించి, మీవారు చెప్పినట్టే చేయండి. పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం అంకెను అత్తమ్మ చేత చదివించండి. మీరు ఏమీ మాట్లాడకండి. రెండో రోజు నీడలో చేయండి, అప్పుడు నీడతో ఎంత మేలో కూడా నిజాయితీగా తెలుస్తుంది.

ఈ కొలత అందరి ముందూ వద్దనుకుంటే మీవారితో ఒంటరిగా మాట్లాడొచ్చు. అప్పుడు ఆయన పరువు నిలుస్తుంది, తొందరగా ఒప్పుకోవచ్చు. కానీ అత్తమ్మ, మామయ్యల దగ్గర బాబు ఉన్న రోజు ఆ ఒప్పందం వాళ్లకు తెలియదు. మీ ఇంటి తీరును బట్టి మీరే చూసుకోండి. ఎవరితో మాట్లాడినా బజార్లో కేకలేసినందుకు నొచ్చుకున్నానని ఒక ముక్క అంటే మీ మాట తేలిగ్గా దిగుతుంది. బాబును కార్లో వదలకూడదన్న మాట మాత్రం అలాగే ఉంచండి.

మామయ్యతో మాట్లాడే పని మీవారికి అప్పజెప్పండి. మందు కార్లో వదిలింది తానే కాబట్టి, “నాన్నా, అది లడ్డూల వల్ల కాకపోవచ్చు, మందు నేనే ఎండలో వదిలేశాను” అని ఆయన చెబితే వచ్చే ఊరట మీరు చెబితే రాదు. డాక్టరుతో మాట్లాడాక, ఆయన ఏమన్నారో కూడా కలిపి చెప్పమనండి.

కాళేశ్వరం ప్రయాణానికి తెల్లవారుజామునే బయల్దేరితే సిరోంచ దగ్గర గోదావరి వంతెన దాటేసరికి ఎండ ముదరదు. బాబును ఎవరు ఎత్తుకుంటారు, ఇన్సులిన్ ఫ్లాస్కు ఎవరి భుజానికి ఉంటుంది అన్నది కారెక్కక ముందే పేర్లు పెట్టి తేల్చుకోండి. స్నానానికి దిగేటప్పుడు ఫ్లాస్కును ఒడ్డున ఎండలో పెట్టకుండా, దిగని మనిషి ఒళ్లో పెట్టండి. తిరుగు ప్రయాణంలో తలుపులన్నీ తెరిచి ఐదు నిమిషాలు వేడి వదలనిచ్చి, సీటు బెల్టు బకిల్‌ను చేత్తో తాకి చూశాకే బాబును కూర్చోబెట్టండి, ఆ ఇనుము పసి తొడకు వాత పెట్టగలదు.